మామ్మ పెంచిన రంగం ఆకు

మొన్నామధ్య మా కోడలు కరివేపాకు మొక్క కొంటానని గుడివాడ రోడ్డు పక్కన ఒక నర్సరీ దగ్గర ఆటో ఆపించింది. నాకు మోకాళ్ల నొప్పులు. నేను దిగను, నువ్వెళ్లి తెచ్చుకో అన్నాను. అలా అన్నదాన్ని, నల్ల ప్లాస్టిక్ సంచుల వరసలో చివరి మొక్క కంటబడేసరికి నొప్పుల సంగతి మర్చిపోయి దిగిపోయాను. సన్నటి కొమ్మ, దానికి అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు, ఆకు నడుమ కాస్త తెల్లటి మచ్చ. కొమ్మ అడుగున, వంగి చూస్తే తప్ప కనబడని చోట, కందిగింజంత ఎర్రటి పువ్వులు వేలాడుతున్నాయి.

అది మల్టీవిటమిన్ మొక్కండీ, చక్రముని అని కూడా అంటారు, కుండీలో పెట్టినా పెరుగుతుంది, అంది అక్కడున్న అమ్మాయి. ఇంకా ఏయే జబ్బులకి మంచిదో వరసగా చెబుతూనే ఉంది. నేను ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. పచ్చి బఠాణీల రుచి. మా కోడలు, అదేంటత్తయ్యా, మందులు కొట్టి ఉంటారు, ఉమ్మేయండి అని కంగారు పడింది. నాకు కళ్లమ్మట నీళ్లొస్తుంటే చూసి ఆ అమ్మాయి పాపం రేటు తగ్గిస్తానంది.

డెబ్బై దాటాక గానీ నాకు ఆ మొక్క అసలు పేరు తెలియలేదు. మా ఇంట్లో దాన్ని రంగం ఆకు అనేవాళ్లం.

బందరులో మా ఇల్లు సముద్రం వైపు వెళ్లే దారిలో ఉండేది. రెండు గదుల పెంకుటిల్లు, వెనక కాస్త పెరడు. పెరడంటే పేరుకే. చవుడు నేల. ఎండాకాలం వస్తే మట్టి మీద తెల్లటి పొర కట్టేది, చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లు మండేవి. బావి ఉన్నా ఆ నీళ్లు గిన్నెలు తోముకోవడానికి తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. గోడవారగా ఉన్న జిల్లేడు మొక్క మీద కూడా మా అమ్మకి గౌరవం, ఎలాగో బతుకుతోంది పాపం అని.

అలాంటి నేలలో మా మామ్మ, అంటే మా నాన్నమ్మ, ఒక ఆకుకూర చెట్టు పెంచింది. తాతయ్య వయసులో ఉండగా రంగం వెళ్లి బియ్యం మిల్లులో పనిచేశాడట. రంగూన్‌ని అప్పట్లో అందరూ రంగం అనే అనేవాళ్లు. ఆయన అక్కడే పోయాడు. మామ్మ ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఓడెక్కి వచ్చేసింది. పదేళ్ల మా నాన్న చేతిలో బట్టల మూట, మామ్మ చంకలో ఏడాది నిండని మా చిన్నత్త, ఇంకో చేతిలో తడిమట్టి నింపిన బిస్కెట్ల డబ్బా. ఆ డబ్బాలో నాలుగు పుల్లలు. ఓడలో తాగడానికిచ్చిన నీళ్లలోంచి రోజూ గుక్కెడు ఆ పుల్లలకి పోసేదట. మా నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా, నాకు దాహమేస్తుంటే మా అమ్మ పుల్లలకి నీళ్లు పోసిందిరా అని నవ్వేవాడు. మామ్మ నవ్వేది కాదు. నువ్వు అడిగితే ఎవరైనా పోస్తారు, పుల్ల అడగలేదు గదా అనేది.

ఆ పుల్లల మీద అంత మమకారం ఎందుకంటే, చిన్నత్త రంగంలోనే పుట్టింది. పుట్టినప్పుడు మామ్మకి పాలు పడలేదు. పక్కింటి బర్మా ఆవిడ రోజూ ఒక చిప్పలో ఈ ఆకు వండి తెచ్చి, దగ్గర కూర్చుని తినిపించి వెళ్లేదట. ఒకరి మాట ఒకరికి రాదు. నెల తిరిగేసరికి పిల్ల బొద్దుగా అయిందని మామ్మ చెప్పేది. ఆవిడ పేరు కూడా సరిగ్గా పలకలేకపోయానే, అని చెప్పిన ప్రతిసారీ బాధపడేది.

నాకు ఊహ తెలిసేసరికే ఆ చెట్టు నాన్న భుజం దాకా ఉండేది. చవుడు తగలకుండా మామ్మ మోకాలి లోతు గొయ్యి తవ్వించి, కాలవగట్టు నుంచి బండి మీద ఒండ్రుమట్టి తెప్పించి నింపిందట. కొమ్మలు పైకి పోకుండా తలలు తుంచేది. తుంచిన చోట పక్కల నుంచి రెండు చిగుళ్లు వచ్చేవి. మేకలు రాకుండా చుట్టూ కంప. పురుగు కనబడితే పొయ్యిలో బూడిద. వీటన్నిటి కంటే ముఖ్యమైనది చేపలు కడిగిన నీళ్లు. మా ఇంట్లో చేపలు వండిన రోజున ఆ నీళ్లు ఎవరూ పారబోయకూడదు. మామ్మ సత్తు గిన్నెలో పట్టి, అందులో ఇంకో రెండు చెంబులు మంచినీళ్లు కలిపి, మొదలుకి కాస్త ఎడంగా తిప్పి పోసేది. ఆ నీళ్లు తాగిన వారానికి చెట్టు ఎలా ఉండేదో, చూడాల్సిందే. నేను వెనకే నిలబడి అంతా చూసేదాన్ని. మంచినీళ్లు కలపడం మాత్రం నా బుర్రకెక్కలేదు.

ఆకు దూసి పెసరపప్పులో వేస్తే ఒక రుచి, ఎండురొయ్యలతో వేపితే ఇంకో రుచి. రొయ్యలు వేగే వాసనకి నేను వీధిలో ఆట మధ్యలో వదిలేసి వచ్చేదాన్ని. కొమ్మల కింద తెల్లటి బుడిపెల్లాంటి కాయలు కాసేవి, ప్రతి కాయకీ ఎర్రటి టోపీ. వాటికి దారం కట్టి చెవులకి వేలాడదీసుకుని, చిలకలపూడి లోలాకులు అని మా స్కూల్లో పిల్లలకి చూపించి గొప్పలు పోయేదాన్ని. చిలకలపూడి గిల్టు బంగారం నల్లబడ్డానికి ఏడాది పట్టేదేమో, నా లోలాకులు సాయంత్రానికే వడిలిపోయేవి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఈస్టరు వెళ్లాక, చిన్నత్త అవనిగడ్డ దగ్గరి అత్తవారింటి నుంచి పురిటికి వచ్చింది. స్కూళ్లకి సెలవలిచ్చిన వారానికే ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, ముడతలు పడి, నా అరచేతిలో సగం కూడా లేని పాదాలతో ఉంది. అందరూ పిల్ల చిన్నదన్నారు. నాకు మాత్రం అంతకంటే అందమైనది లోకంలో ఉంటుందనిపించలేదు.

చిన్నత్తకి పాలు పడలేదు. పిల్ల నోరు పెట్టి, రెండు గుటకలేసి, దొరక్క గుక్కపట్టి ఏడ్చేది. మేకపాలు కాచి, నీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో పోస్తే కాసేపటికి కక్కేసేది. మాకు చేపలు తెచ్చే బెస్తావిడ, నేను చేపల పెద్దమ్మ అనేదాన్ని, పాలసొర తెచ్చి పిట్టు చేసి పెట్టమని చెప్పి వెళ్లింది. అమ్మ వెల్లుల్లి వేయించి పెట్టింది. మామ్మ ఎవరినీ ఏమీ అడక్కుండా బుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్లి, రెండు కొమ్మలు దూసుకొచ్చి కూర వండి, కూతురి పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది.

అప్పట్నుంచి రోజూ అదే. పొద్దున పప్పులో, సాయంత్రం వేపుడు. నాలుగైదు రోజులకి పాలు కాస్త తడి తగిలినట్టు ఉన్నాయంది చిన్నత్త. ఆ మాటకి ఇంట్లో అందరి మొహాలూ విప్పారాయి. కానీ నేను చెట్టు వైపు చూస్తే సగం పుల్లలే కనబడుతున్నాయి. మిగిలిన ఆకు ఎన్నాళ్లొస్తుందని మామ్మని అడిగితే, చిగుళ్లు వచ్చేదాకా సర్దుకోవాలి అంది. ఎప్పటికొస్తాయంటే, రెండు వారాలు పట్టుద్దే, ఎండాకాలం గదా అంది. పిల్లకి రెండు వారాలు ఆగే ఓపిక ఉన్నట్టు నాకు తోచలేదు.

అక్కడే నా తెలివితేటలు బయటపడ్డాయి. చేపలు కడిగిన నీళ్లు పోస్తే చెట్టు పెరుగుతుంది. అవి మా ఇంట్లో వచ్చేది సత్తు గిన్నెలో సగం. చేపల పెద్దమ్మ ఇంటి ముందు ఉప్పుచేపల గాబులున్నాయి. చేపలని ఉప్పు చల్లి పొరలు పొరలుగా రెండ్రోజులు వాటిలో ఊరబెట్టి, తర్వాత తీసి ఎండలో వేస్తారు. అడుగున మిగిలిన నల్లటి నీళ్లని ఎవరూ పట్టించుకోరు. మనింట్లో తెల్లగా ఉండే నీళ్లకే చెట్టు అంత ఏపుగా పెరిగితే, వంద చేపలు రెండ్రోజులు ఊరిన నీళ్లకి ఎంత పెరగాలి.

పడవలు ఒడ్డుకొచ్చే వేళకి చేపల పెద్దమ్మ ఉండే పాలెంలో వాళ్లంతా రేవుకి వెళ్లారు. నేను రేకు డబ్బా పట్టుకుని వెళ్లి గాబులోంచి ముంచుకున్నాను. పరికిణీ మీద ఒలికింది, కంపు కొట్టింది, పట్టించుకోలేదు. రెండుసార్లు తిరిగి రెండు డబ్బాలూ చెట్టు మొదట్లో, సరిగ్గా కాండానికి తగిలేట్టు పోశాను. లోపల పిల్ల ఏడుస్తోంది. ఊరుకోవే, రేపటికల్లా బోలెడు ఆకు వస్తుంది అని గోడ బయట నుంచే చెప్పాను.

మర్నాటికి ఆకుల అంచులు మాడినట్టయ్యాయి. మూడోరోజుకి ఉన్న ఆకు కూడా పండిపోయి, ముట్టుకుంటే రాలింది. ముందు అందరూ ఎండ దెబ్బన్నారు. మామ్మ మాత్రం చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంది. బందరులో పెద్దవాళ్లకి అది అలవాటే, నేల మంచిదో చవుడో అలాగే తేల్చేవాళ్లు. ఆవిడ మట్టి ఉమ్మేసి, లేచి, దండెం మీద ఉన్న నా పరికిణీ దగ్గరికెళ్లి అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను.  మామ్మ ఆ పరికిణీ తీసుకెళ్లి, నానబెట్టి, సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి మళ్లీ ఆరేసింది. నా వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నం చిన్నత్త గోడ పట్టుకుని మెల్లగా పెరటి గుమ్మం దాకా వచ్చి చెట్టునీ, మొదట్లో తేలిన ఉప్పు పొరనీ చూసింది. పచ్చి బాలింత, నిద్ర లేదు, పైగా పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ ఉంచుకోలేదు. ఎవరు చేశారిది అంది. అమ్మ నోటికొచ్చింది అనేసింది, చేపలావిడ మొన్న బుట్ట ఇటువైపే కడిగినట్టుంది, ఆ ఉప్పునీళ్లేమైనా పారబోసిందేమోనని. చిన్నత్త మండిపడింది. రేపట్నుంచి ఆవిణ్ణి మన గడప తొక్కనివ్వద్దంది.

నేను తలుపు చాటునే ఉన్నాను. చెప్పాలి. ఇంకాస్త తలుపు వెనక్కి జరిగాను.

మామ్మ చేతిలో చేట కింద పెట్టి, "ఆవిడనేం అనకండి. పోసింది నేనే. అరుగు మీద ఉప్పుచేపలు నానేసిన కుండ ఉంటే కడుగునీళ్లనుకున్నా. కళ్లు సరిగ్గా ఆనట్లేదు" అంది.

 చిన్నత్త, "నన్ను బతికించిన చెట్టని చెప్పుకుంటావు గదమ్మా. నా పిల్లకి లేకుండా చేశావు" అని లోపలికెళ్లి మంచమ్మీద అటు తిరిగి పడుకుంది.

మామ్మ ఒక్క అబద్ధం ఆడింది గానీ, ఆ ఒక్కటీ ఆవిడకున్నవన్నీ ఒక్కొక్కటే లాగేసుకుంది. ముందు బియ్యంలో రాళ్లేరే చేట పోయింది. కత్తిపీట పోయింది, చెయ్యి కోసుకుంటారత్తయ్యా అని అమ్మ తీసేసుకుంది. సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి వాక్యం చదవడం మామ్మ వంతుగా ఉండేది. రంగంలో పెద్దయ్యాక నేర్చుకున్న చదువు, వేలు పెట్టి ఒక్కో మాటా పట్టుకుంటూ చదివేది. మేం పిల్లలం నవ్వితే నాన్న తొడపాశం పెట్టేవాడు. ఇప్పుడు నాన్నే, నీ కళ్లు శ్రమ పెట్టుకోకమ్మా అని పుస్తకం తన ఒళ్లోకి తీసుకున్నాడు. స్కూలు మేష్టారు కదా, గడగడా చదివేసేవాడు. మామ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వినేది.

అన్నిటికంటే పెద్దది పిల్ల స్నానం. మామ్మ పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టి, నువ్వులనూనె రాసి, ఒళ్లంతా పట్టి, గోరువెచ్చటి నీళ్లు పోస్తుంటే ఏడ్చే పిల్ల కూడా కళ్లు అరమోడ్చి ఊరుకునేది. ఆ వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మంది మామ్మ కాళ్ల మీద నీళ్లు పోయించుకున్నవాళ్లే. చూపు ఆనని మనిషి చేతికి వేన్నీళ్లు, పసిదాన్ని ఎలా ఇస్తాం అంది చిన్నత్త. ఆ మాట మామ్మ ఎదురుగానే అంది. మామ్మ అప్పటికే పీట వేసుకుని, చీర పైకి దోపుకుని, కాళ్లు చాపి కూర్చుంది. మెల్లగా కాళ్లు ముడుచుకుంది. ఆ తర్వాత నీళ్లు అమ్మ పోసింది. అమ్మకి అలవాటు లేదు. పిల్ల ఆరున్నొక్క రాగం తీసింది. మామ్మ వసారాలో కూర్చుని వింది.

నాకు అన్నం సయించడం మానేసింది. పిల్లకి జబ్బు చేస్తే నా వల్లే, మామ్మ కాళ్లు ముడుచుకుంది నా వల్లే. చెబితే నన్ను అందరూ ఏమంటారో. చిన్నత్త నన్ను మళ్లీ పిల్లని ముట్టుకోనివ్వదు. ఇదంతా ఒక ఎత్తయితే, మామ్మ నాతో ఎప్పటిలాగే ఉండడం ఇంకో ఎత్తు. ఒకరోజు పొద్దు వాలే వేళ పెరట్లో నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల చూసింది. ఆ మసక వెలుతురులో, ఎవరూ లేని చోట, నా తల్లో ఈపులు ఒక్కొక్కటే పట్టి రెండు గోళ్ల మధ్య పెట్టి టిక్కుమనిపిస్తోంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. అది విన్నకొద్దీ నాకు ఏడుపొచ్చింది. ఎందుకే, లాగుతున్నానా అనడిగింది. లాగుతున్నావు అన్నాను.

నాన్న రోజూ ప్రార్థనలో ఒక మాట కలిపాడు. ప్రభువా, మా తల్లి కళ్లకి వెలుగునివ్వు అని. ఆ మాట రాగానే అందరికంటే గట్టిగా మామ్మే ఆమెన్ అనేది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న, ఆస్పత్రిలో కంటి డాక్టరుతో మాట్లాడొచ్చాను, మంగళవారం తీసుకెళ్తాను, పొర ఉంటే కోసేస్తారట అన్నాడు. మామ్మ సరేనంది. అప్పట్లో కళ్లు కోయించుకున్న వాళ్లు మా వీధిలో ఇద్దరుంటే, ఒకాయనకి ఉన్న చూపు కూడా పోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. మామ్మ వెళ్తే డాక్టరు చూసి పొర లేదంటాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం మామ్మ కళ్లు కోసేస్తారు, అంతే.

ఆ సాయంత్రం దీపం పెట్టగానే అందరం చాప మీద కూర్చున్నాం. చిన్నత్త మంచమ్మీద పిల్లతో ఉంది. నాన్న వాక్యం చదివాడు, పాట పాడాం, ఆయన ప్రార్థన చేశాడు, మామ్మ కళ్ల మాట వచ్చింది, మామ్మ ఆమెన్ అంది. చివరి ప్రార్థన నాది. ఎప్పుడూ చేసే ప్రార్థన నాకు కంఠతా వచ్చు, అమ్మా నాన్నా మామ్మా మొదలుకుని కోళ్ల దాకా అందరినీ కాపాడమని. కళ్లు మూసుకున్నాను. మామ్మ దాకా వచ్చేసరికి మిగతాది రాలేదు.

"ప్రభువా, మామ్మ కళ్లు బాగానే ఉన్నాయి. నిన్న నా తల్లో ఈపులన్నీ ఏరేసింది. చెట్టుకి ఉప్పునీళ్లు పోసింది నేను. మామ్మ కళ్లు కోయనివ్వద్దు. ఆమెన్" అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. నేను కళ్లు తెరవలేదు. తెరిస్తే దెబ్బ పడుతుందని కాదు, చిన్నత్త మొహం చూడలేక. నాన్న గొంతు వినబడింది, ఎక్కణ్ణుంచి తెచ్చి పోశావని. గాబు సంగతి, రేకు డబ్బా సంగతి, ఆకు త్వరగా రావాలని పోశానన్న సంగతి అంతా వెక్కుతూ చెప్పాను. ఆ తర్వాత నాన్న మామ్మ వైపు తిరిగాడు. "వారం రోజుల్నుంచి నీ కళ్ల కోసం ప్రార్థన చేస్తుంటే ఆమెన్ అంటున్నావు గదమ్మా."

"ఎవరి కళ్లకైనా వెలుగు కావాల్సిందే గదరా. అందుకని అన్నా" అంది మామ్మ.

నాన్నకి నవ్వొచ్చిందని నాకు తర్వాత అమ్మ చెప్పింది. అప్పుడు మాత్రం ఆయన గంభీరంగానే శిక్ష వేశాడు. కాలవలకి నీళ్లు ఆపేసే రోజులవి, ఊళ్లో మంచినీళ్లకి కటకట. రోజూ పొద్దున్నే మంచినీళ్ల చెరువుకి వెళ్లి చిన్న బిందెడు నీళ్లు తెచ్చి చెట్టుకి పోయాలి, ఉప్పు దిగేదాకా. చేపల పెద్దమ్మ దగ్గరికెళ్లి జరిగింది చెప్పి, నీ మీద అనుమానపడ్డాం అని కూడా నేనే చెప్పాలి. చెబితే ఆవిడ బుట్ట దింపి కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. అయినా మా అమ్మతో మాత్రం నాలుగు రోజులు ముభావంగానే ఉంది, అది న్యాయమే.

చిన్నత్త ఆ సాయంత్రం నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తెల్లారాక, నేను బిందెతో వచ్చేసరికి, పెరట్లో పీట వేసి ఉంది. మామ్మ కాళ్లు చాపి కూర్చుంది. చిన్నత్త పిల్లని తీసుకొచ్చి, తనే వంగి, మామ్మ కాళ్ల మీద పడుకోబెట్టింది. వాళ్లమ్మ భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నా వైపు చూసి, నూనె గిన్నె అందుకోవే, చూస్తూ నిలబడతావేంటి అంది. నేను పరిగెత్తుకెళ్లి అందుకున్నాను. ఆ గిన్నె అందించినప్పుడు కలిగిన సంతోషం నా పెళ్లికి కూడా కలగలేదు, మా ఆయన వినడం లేదు గనక చెబుతున్నాను.

చిన్నత్త లోపలికెళ్లాక, పిల్ల వీపు పడుతూ ఉన్న మామ్మని అడిగాను, నేనని తెలిసి కూడా నువ్వెందుకు నీ మీద వేసుకున్నావని. మామ్మ చెయ్యి ఆపకుండానే చెప్పింది. "పసిపిల్ల నోటికాడ కూడు పాడుచేసిందన్న మాట మంచిది కాదే. నీకు ఎనిమిదేళ్లు. నీ మీద పడితే నువ్వు బతికినన్నాళ్లూ ఉంటుంది. నా మీదైతే ఎన్నాళ్లుంటుంది?"

నాకప్పుడు అర్థం కాలేదు. నీళ్లు చల్లారిపోతున్నాయి, పొయ్యి మీద వేడివి తెమ్మంటే తెచ్చాను.

చెట్టుని మామ్మ మోకాలి ఎత్తుకి నరికేసింది. మొదలు చుట్టూ గాడి తవ్వి, నేను తెచ్చిన నీళ్లు నిలవగట్టి, ఒక మూల నుంచి వదిలేసేది. రోజూ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని చూసేది, నాకూ వేసేది. ఎప్పటికి చప్పబడుతుందో అని నేను నాలుక చాపుకుని కూర్చునేదాన్ని. తొలకరికి ఒక్క కాండానికి చిగురొచ్చింది, మిగతావి పుల్లలై పొయ్యిలోకి పోయాయి.

ఈలోగా చిన్నత్తకి పాలు పడ్డాయి. చేపల పెద్దమ్మ తన పాలసొర వల్ల అంది. అమ్మ వెల్లుల్లంది. నాన్న ప్రార్థన అన్నాడు. మామ్మ మాత్రం తొలిచిగుళ్లు నాలుగు తుంచి పెసరపప్పులో వేసి, చిన్నత్తకి మాత్రమే వడ్డించింది. మూడో నెలలో పిల్లని తీసుకుని అత్తవారింటికి వెళ్తుంటే తడి గోనెలో రెండు పుల్లలు చుట్టి ఇచ్చింది. వాటికి ఏం నీళ్లు పోయాలో, ఏవి పోయకూడదో పదిసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా అందరూ నా వైపు చూశారు.

మామ్మ ఆ తర్వాత పదేళ్లు బతికింది. చివరి దాకా కళ్లజోడు లేకుండానే చదివేది. ఇప్పుడా ఇల్లు లేదు. ఉప్పుచేపల గాబులున్న చోట సిమెంటు మేడలు లేచాయి. మంచినీళ్లు కుళాయిలో వస్తున్నాయి, మట్టి రుచి చూసేవాళ్లు ఎవరూ లేరు. చిన్నత్త కూడా పోయి చాలా ఏళ్లయింది.

ఆ పిల్ల ఉంది. అవనిగడ్డలో నర్సుగా చేసి రిటైరయింది, మనవల్ని ఎత్తింది, నన్ను వదినా అంటుంది. వాళ్లమ్మ ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో ఏమో, ఏటా పుట్టినరోజు నాడు తనే నాకు ఫోన్ చేస్తుంది. నేను హలో అనేలోపలే, నా నోటికాడ కూడు పాడుచేసిన వదినేనా అని అడుగుతుంది. అవునమ్మా, నేనే అంటాను. ఆ తర్వాత గంటసేపు ఇద్దరం ఫోన్ పెట్టం.

మామ్మ భయపడ్డట్టే ఆ మాట ఇన్నేళ్లూ నా మీద ఉండిపోయింది. ఆవిడ మీదే ఉండనిచ్చి ఉంటే, ఆవిడతోపాటే పోయేది, ఆ పిల్ల కూడా నాకు ఇంతగా దక్కేది కాదు.